చూడ్డానికి బాగానే ఉంది

తలుపు మూసుకోబోతుండగా ఆమె వెనక్కి తిరిగి కన్ను గీటింది, పరీక్ష హాల్లోకి పోతున్న బడిపిల్ల బయట నిలబడ్డ స్నేహితురాలికి గీటినట్టు. అతను బదులుగా చెయ్యి ఎత్తబోయి సగంలో ఆపేశాడు. ఏమని ఎత్తాలి? బాగా చెయ్యమనా, బాగా చెయ్యొద్దనా? ఈలోగా తలుపు పూర్తిగా మూసుకుంది, చెయ్యి గాల్లో మిగిలిపోయింది, దాన్నేం చెయ్యాలో తోచక తల గోక్కుని కుర్చీలో కూర్చున్నాడు. వరసగా ఒకే ఇనప కడ్డీకి బిగించిన కుర్చీలు, ఒకరు కదిలితే అందరూ ఊగుతారు. ఆ చివర మెడకు పట్టీ కట్టుకున్న ఒకాయన దగ్గితే ఈ చివర ఇతని మోకాళ్ళు అదిరాయి. లోపలున్నది బీమా కంపెనీ తరఫున చూసే డాక్టరమ్మ. భార్య తలకు తగిలిన దెబ్బ ఇంకా బాధపెడుతోందో, నయమైపోయిందో ఆవిడ రాసే నాలుగు ముక్కల మీదే ఇక అంతా ఆధారపడి ఉంది. నయమైందని రాస్తే వైద్యానికీ ఇంటికీ వస్తున్న డబ్బు ఆగిపోతుంది, ఆమె పనిచేసిన గోడౌన్ వాళ్ళు వచ్చి పనిలో చేరమంటారు, చేరకపోతే తనే మానేసిందంటారు. నయం కాలేదని రాస్తే ఆమె మనసు విరిగిపోతుంది. ఎందుకంటే ఆమె లోపలికి వెళ్ళింది పాసవ్వడానికి.

కొన్నాళ్ళుగా వంటింట్లో అదే చదువు. కూతురు టీచరమ్మ, తల్లి విద్యార్థి. వారాల పేర్లు వెనక నుంచి చెప్పు, వందలోంచి ఏడు తీసేస్తూ రా, నేను చెప్పిన వస్తువులు కాసేపాగి మళ్ళీ చెప్పు. ఇలాంటివే అడుగుతారని ఆసుపత్రిలో ఉన్నప్పుడే పసిగట్టింది ఆమె. తప్పు చెబితే కూతురు గరిటెతో స్టవ్ గట్టు మీద టకటకా కొట్టేది, ఒప్పు చెబితే ఇద్దరూ అరచేతులు చరుచుకునేవాళ్ళు, ఆ నవ్వులు వీధి గుమ్మం దాకా వినబడేవి. అంత నవ్వుతున్న వాళ్ళ దగ్గరికి పోయి ఇక చాలు ఆపండి అనడానికి ఎవరికి నోరొస్తుంది? అదంతా బట్టీ అని అతనికి తెలుసు. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది అని పాటలా సాగిపోతుంది, మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ వంద దగ్గరికి పోయి మొదలుపెట్టాలి. ఈ పొద్దున బడికి పోతూ కూతురు చెప్పులు వేసుకుంటూ తలెత్తకుండానే అడిగింది, "అమ్మ పాసవ్వాలని నీకు లేదా నాన్నా?" అని. పిల్లలకు ఇవన్నీ ఎలా తెలిసిపోతాయో. "ఆలస్యమవుతోంది, పో ముందు" అన్నాడు. అది జవాబు కాదని ఆ పిల్లకీ తెలుసు. చెప్పు పట్టీ రెండోసారి బిగించుకుని, మళ్ళీ అడగకుండా పోయింది.

ఏ గదిలో కూర్చున్నా అతని కళ్ళు ముందు తలల మీదికి పోతాయి, సెలూన్ నడిపేవాడికి అది తప్పదు. మెడపట్టీ ఆయనకు వెనక జుట్టు చెవుల కిందికి దిగింది, పట్టీ వల్ల ఎవరూ కత్తెర పెట్టడానికి ధైర్యం చేసి ఉండరు. ఎదురుగా గోడకు ఆనుకుని కునుకు తీస్తున్న కుర్రాయన జుట్టు ఇంట్లోనే కత్తిరించింది, అద్దం కూడా చూడకుండా. అరచేతి కింద తల పట్టుకుని ఇటు తిప్పి అటు తిప్పి బతికాడు ఇన్నాళ్ళూ, కత్తెర చప్పుడుకు మనుషులు కళ్ళు మూసుకుని కడుపులో ఉన్నదంతా చెప్పేసేవాళ్ళు, అల్లుడి సంగతి, అప్పుల సంగతి, చెప్పుకోలేని జబ్బుల సంగతి. తలను పట్టుకుంటే లోపలిది దానంతటదే బయటికొస్తుందని నమ్మాడు పిచ్చివాడు. పొద్దున ఆమె తలను పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడని! స్టూలు మీద కూర్చుని మెడ చుట్టూ తెల్లగుడ్డ కప్పుకుని, "మచ్చ కనపడకూడదు బావా, నీ విద్యంతా చూపించు" అంది. చెవి మీద నుంచి వెనక్కి వంకీ తిరిగిన మచ్చ, దాని వెంబడి జుట్టు మిగతాచోటికన్నా మెత్తగా, రంగు తేలికగా మొలిచింది, పసిపిల్లల జుట్టులా. పాపిట పక్కకు తీశాడు, పైపొర కాస్త పొడుగ్గా వదిలాడు, నీళ్ళు చల్లి దువ్వి, అద్దం వెనక పట్టి చూపించాడు. మచ్చ లేదు. అసలు ఏమీ జరగనట్టే ఉంది. ఆమె అద్దంలో అతన్ని చూసి, "చేతులకి బంగారు కడియాలు తొడగాలి నీకు" అంది. ఇప్పుడు ఇక్కడ కూర్చుంటే తట్టింది. కంటికి కనబడే సాక్ష్యం ఆమె ఒంటి మీద అదొక్కటే. దాన్ని తన దువ్వెనతో తనే కప్పి పంపించాడు.

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆ తర్వాత ఏమీ లేదు. కూజాలోంచి గ్లాసులోకి నీళ్ళు ఒంపుకుంది కౌంటర్లో అమ్మాయి. మర్యాదగల అమ్మాయే. "సహాయంగా వచ్చినవాళ్ళు బయట కూర్చోవాలండీ" అంటే "సరేనండీ" అన్నాడు. అతని నాలుక చివర ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట అది. ఇంకా తగ్గించమంటే సరేనండీ, అయ్యయ్యో మరీ తగ్గించేశావేమిటంటే దానికీ సరేనండీ. నిన్ననే యూనియన్ అక్క సెలూన్‌కి వచ్చి, ఖాళీ కుర్చీలో కూర్చుని కాలు నేలకు తన్ని గిర్రున ఒక చుట్టు తిరిగి మరీ చెప్పింది. గోడౌన్‌లో భార్యతోపాటు పనిచేసిన మనిషి, అందరికంటే పెద్దది, అందరూ అక్కా అనే అంటారు. "నువ్వు కూడా లోపలికి వెళ్ళాలి తమ్ముడూ. తలకు దెబ్బ తగిలిన మనిషి తన సంగతి తనే పూర్తిగా ఎలా చెప్పగలదు? ఇంట్లోవాళ్ళ మాట వినమని అడుగు. ఏం రాశారో చదివి వినిపించమని అడుగు. అది మన హక్కు, వాళ్ళ దయ కాదు. కాకపోతే అడిగితేనే హక్కు, అడక్కపోతే గోడ మీద అంటించిన కాగితం." దానికి కూడా సరేనక్కా అన్నాడు. తీరా ఇక్కడికి వచ్చి ఇంకొకరికి సరేనండీ చెప్పి కూర్చున్నాడు. ఎవరు చివర చెబితే వాళ్ళ మాటే, ఏం మనిషివయ్యా నువ్వు.

ఆమె అలా కాదు. గోడౌన్‌లో ఆమెకు రేడియో అని పేరు. ఆపడానికి మీట లేని రేడియో. ఇంటి కప్పు కంటే ఎత్తు అరలు, ఆ అరల మధ్య సందుల్లో చక్రాల బండి తోసుకుంటూ, ఎవరు ఏం కొన్నారో ఆ సరుకు తీసి బండిలో వెయ్యడం పని. చేతులు సరుకు తీస్తుంటే నోరు పాట పాడేది. పాట అవతలి సందులో వినబడితే రేడియో ఎక్కడుందో అందరికీ తెలిసేది, అవతల నుంచి ఎవరో చరణం అందుకునేవాళ్ళు. ఆ రోజు కూడా పాడుతూనే ఉంది. సందు అవతల సరుకు పైకెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపేవాణ్ని తొందర పెట్టారట, సరుకు లారీ గేటు దగ్గర నిలబడి ఉంది, త్వరగా, త్వరగా. బండి వెనక భాగం అరను నిలబెట్టిన ఇనప కాలికి తగిలింది, పై అరలో మిక్సీల పెట్టె ఒకటి అంచు దాటి కిందికొచ్చింది. అవతలి సందులో ఉన్న అక్కకి తెలిసింది ఒక్కటే, పాట చరణం మధ్యలో ఆగిపోయింది. హెల్మెట్లు బండ్లు నడిపేవాళ్ళకీ సూపర్‌వైజర్లకీ ఇచ్చారు, సరుకు తీసేవాళ్ళకి గుడ్డ టోపీలు ఇచ్చారు, జుట్టు సరుకులో రాలకుండా. తర్వాత సూపర్‌వైజర్ ఏం రాశాడంటే, ఆమె పాటలు పాడుకుంటూ పరధ్యానంగా ఉంది, అందుకే దెబ్బ తగిలింది అని. అది విని అక్క అన్న మాట ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది. "పాడితే పెట్టెలు మీద పడతాయా? అలాగైతే పొద్దున్నే స్నానాల గదుల్లో సగం ఊరు చచ్చేది."

కబురు వచ్చేసరికి అతని చేతిలో ఒక తల ఉంది. కుడివైపు అయిపోయింది, ఎడమవైపు ఇంకా మొదలుపెట్టలేదు. ఫోను చెవికి పెట్టుకున్నాక కత్తెర కింద పడిందో, తనే పెట్టాడో. ఆ కుర్చీలో ఉన్నాయన బడిలో లెక్కలు చెప్పే మాస్టారు. ఏమైందని కూడా అడక్కుండా లేచి, మెడ చుట్టూ ఉన్న తెల్లగుడ్డ పీకేసి, స్కూటర్ తాళాలు తీసి "ఎక్కు" అన్నాడు. సగం తలతోనే ఆసుపత్రిదాకా నడిపాడు, ఎర్రదీపాల దగ్గర జనం చూసి నవ్వుతుంటే తలైనా తిప్పలేదు. సాయంత్రందాకా ఆపరేషన్ గది బయట పక్కనే కూర్చున్నాడు, ఒకవైపు నున్నగా, ఒకవైపు చెవి మీదికి జుట్టు వేలాడుతూ. నర్సులు వెళుతూ వెళుతూ ముందు ఆయన్నే చూసేవాళ్ళు, రోగి ఈయనేమోనని. తర్వాత చాలా రోజులు సెలూన్ తెరవలేదు. తెరిచిన రోజు పొద్దున్నే మాస్టారు వచ్చి కుర్చీలో కూర్చుని టోపీ తీశాడు. అప్పటిదాకా వేరే ఎవరి చేతా ముట్టించుకోలేదు. "ఎడమవైపు బాకీ ఉన్నావు" అన్నాడు. ఆ ఎడమవైపు కత్తిరిస్తూ అతను ఏడ్చాడు, మాస్టారు కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు నటించాడు. మంచివాళ్ళు ఎక్కడెక్కడ ఉంటారో. చెడ్డవాళ్ళని వెతకబోయినా పెద్దగా కనబడలేదు అతనికి, అదే విచిత్రం. సూపర్‌వైజర్ పళ్ళ బుట్ట పట్టుకుని చూడ్డానికి వచ్చాడు. ఆ వచ్చిన మనిషే ఆ పరధ్యానం మాట రాశాడు.

పక్కకి పాపిట ఉన్న ఆడమనిషి ఒకావిడ వచ్చి పక్క కుర్చీలో కూలబడింది, కుర్చీల వరసంతా ఊగింది. అతని చెయ్యి తన తల మీదికే పోయింది, నడినెత్తిన రెండు సుడులున్నాయి. పెళ్ళైన కొత్తలో భార్య వాటిని వేలితో తడిమి కనిపెట్టింది, అతని తల చూసేవాళ్ళు ఎవరున్నారు మరి, అందరి తలలూ అతనే చూస్తాడు. "రెండు సుడులున్నాయి నీకు, రెండో పెళ్ళి రాసిపెట్టి ఉంది. చేసుకునేటప్పుడు ముందే చెప్పు బావా, నాకు కొత్తబట్టలు కావాలి." ఎంతమంది ముందు ఎన్నిసార్లు అన్నదో ఆ మాట. ఆపరేషన్ అయ్యి గుండుతో ఆమె ఇంటికొచ్చిన రోజు అద్దం ముందు నిలబడి "ఎవడే ఈ కుర్రాడు?" అని నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ గోడ పట్టుకుంది, మంచం మీద పడుకోబెడితే మూడు పూటలు లేవలేదు. లేచిన మనిషి వేరు. కుళాయి చుక్క చుక్క పడుతోందని పళ్ళెం గోడకేసి కొట్టింది, చిన్నప్పుడు పిల్లిని కూడా అదిలించనిది. పాలు పొయ్యి మీద పెట్టి కిటికీ దగ్గర నిలబడితే పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడి, వాసన వీధిలోకి పోయేది, ఆమెకు మాత్రం తెలిసేది కాదు, వాసనలన్నీ ఆ పెట్టె కిందే ఉండిపోయాయి. తలుపును కిటికీ అనేది, బీరువాను బస్సు అనేది, తప్పని ముఖం చూసి గ్రహించి "అదే, అదీ" అని నవ్వేసేది. పాటలు మొదలవుతాయి, చరణం దగ్గర ఆగిపోతాయి. రెండో పెళ్ళి జరిగిపోయింది అనుకున్నాడతను ఒకరోజు, ఆమె నిద్రపోతుంటే పక్కన కూర్చుని. అదే మనిషితో. ఈవిడకేం ఇష్టమో, దేనికి కోపమో, ఏ వెలుతురు పడదో, మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. సరే, మొదటిసారి మాత్రం పుడుతూనే నేర్చుకుని వచ్చాడా?

నేర్చుకున్నాడు కూడా. మధ్యాహ్నం సెలూన్ మూసి వచ్చి కిటికీ తెరలు దించి, ఆమె కళ్ళ మీద తడిగుడ్డ వేసి, ఆ రోజు వచ్చినవాళ్ళ కబుర్లు చెబుతాడు, గొంతు పెంచకుండా. మీసం ఒకవైపు పోగొట్టుకున్న బ్యాంకు ఆయన కథ చెబితే కడుపు పట్టుకుని నవ్వుతుంది. మర్నాడు మళ్ళీ అదే చెబితే మళ్ళీ అంతే నవ్వుతుంది. ఒకే హాస్యానికి పెళ్ళాం రోజూ నవ్వడం ఏ మొగుడికి రాసిపెట్టి ఉంటుంది అని మొదట్లో తనకు తనే సర్దిచెప్పుకున్నాడు, తర్వాత ఆ కథ చెప్పడం మానేశాడు. వీధిలో అందరూ అనేది ఒకటే మాట. "చూడ్డానికి బాగానే ఉందిగా." కూరగాయల దగ్గర, బస్సులో, మెట్ల మీద. కాలు విరిగితే కట్టు కనబడుతుంది, జనం లేచి సీటిస్తారు. బాగానే ఉంది అని ఎవరైనా అంటే ఆమె ముఖం వెలిగిపోతుంది, దానికోసమే తయారవుతుంది, దానికోసమే రాని మాటల చుట్టూ తిరిగి నవ్వించి తప్పించుకుంటుంది, ఇంటికొచ్చి చీకటిగదిలో పడి మర్నాటిదాకా లేవదు. ఆ పడిపోవడం ఎవరికీ కనబడదు. ఈ తలుపు అవతల ఉన్న ఆవిడకీ కనబడదు. ఆవిడ చూసేది గంటసేపు. గంటసేపు అయితే రేడియో బ్రహ్మాండంగా మోగుతుంది.

మోగింది. తలుపు సందులోంచి నవ్వు వినబడింది, ముందు ఆమె నవ్వు, వెంటనే డాక్టరమ్మ నవ్వు కూడా. నవ్వించేసింది. ఆ నవ్వు విని మురిసిపోని రోజు లేదు అతనికి, ఇప్పుడు ఆ నవ్వే ఆమెను చెయ్యి పట్టుకుని మళ్ళీ ఆ అరల మధ్యకి తీసుకుపోతున్నట్టుంది, గుడ్డ టోపీ పెట్టి, వెనక నుంచి వచ్చే బండి చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో పోల్చుకోలేని మనిషిని. పెళ్ళాం ఓడిపోవాలని కోరుకుంటూ కుర్చీలో కూర్చున్న మొగుడు ఇంకెవడైనా ఉన్నాడా ఈ లోకంలో? ఉన్నాడేమో, ఇలాంటి కుర్చీల్లోనే ఉంటాడు. లేచాడు. కుర్చీల వరసంతా ఊగింది. కౌంటర్ దగ్గరికి ఎలా వెళ్ళాడో తెలియదు. "నన్ను లోపలికి పంపించండి" అన్నాడు. "అవసరమైతే డాక్టరుగారే పిలుస్తారండీ, కూర్చోండి" అంది అమ్మాయి. సరేనండీ నోటిదాకా వచ్చింది. దాన్ని మింగాడు, మాత్ర మింగినట్టు. "లేదమ్మా. లోపల మా ఆవిడ చెబుతున్నవన్నీ నిజం కాదు." గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. మెడపట్టీ ఆయన మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పి చూశాడు. సొంత భార్యను అబద్ధాలకోరని పదిమందిలో అన్నాడు. చెవులు కాలిపోయాయి. అయినా మాట ఆగలేదు. "అబద్ధం కాదు, అదీ... ఆవిడకే తెలీదు. ఇంట్లోవాళ్ళ మాట కూడా వినాలి. అది మా హక్కు." హక్కు అనే మాట అతని నోటికి కొత్త, కొత్తచెప్పులా కరిచింది. అమ్మాయి అతని వైపు కాసేపు చూసి, లేచి వెళ్ళి తలుపు తట్టింది.

లోపల గది అనుకున్నంత పెద్దది కాదు. ఆమె వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో కట్టుకుని, మొదటి బెంచీ పిల్లలా. అతన్ని చూడగానే నవ్వు ముఖం మీద అలాగే ఉండి కళ్ళలోంచి మాత్రం పోయింది. డాక్టరమ్మ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "కూర్చోండి. మీ ఆవిడ చాలా బాగా చేశారు. లెక్కలు, వారాలు అన్నీ సరిగ్గా చెప్పారు. వంట, బజారు తనే చూసుకుంటున్నానన్నారు. మీరేమైనా చెప్పాలా?" అంది. చెప్పాలి. దానికే కదా వచ్చింది. నోరు తెరిచాడు, ఆమె ముఖం చూశాడు, మూశాడు. ఇన్నాళ్ళు గరిటె చప్పుళ్ళ మధ్య నేర్చుకున్న పాఠం, ఇంకో నిమిషంలో పాసైపోతుంది, తను నోరు తెరిస్తే అంతా పోతుంది. అప్పుడు ఆమే అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

"చెప్పు బావా. నేనేమీ అనుకోను." ఒక్క క్షణం ఆగి, "అనుకున్నా నాకు గుర్తుండదుగా" అంది.

డాక్టరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. అతను చెప్పాడు. నేలవైపు చూస్తూ, ఎవరికో క్షవరం చేస్తూ మాట్లాడినట్టు మెల్లగా. పాల గిన్నె సంగతి చెప్పాడు. వాసనలు పోయిన సంగతి, గ్యాస్ వాసన కూడా తెలియని సంగతి, కూతురు బడికి పోయేముందు ఎవరూ చెప్పకుండానే సిలిండర్ మీట తిప్పేసి పోవడం నేర్చుకున్న సంగతి. పళ్ళెం సంగతి. వచ్చే ముందు ఇంట్లో ఎన్నాళ్ళు సాధన చేసిందో, ఇక్కణ్నుంచి పోయాక ఎలా పడిపోతుందో, రేపు సాయంత్రం దాకా వెలుతురు చూడలేకపోవడం ఎలా ఉంటుందో. వెనక నుంచి పిలిస్తే ఏ వైపు తిరగాలో తెలియక మొత్తం చుట్టూ తిరుగుతుందని చెప్పాడు. "ఆ గోడౌన్‌లో బండ్లు వెనక నుంచే వస్తాయమ్మా" అన్నాడు. మోకాలి మీద చెయ్యి తియ్యలేదు ఆమె. ఒక్కో మాటకీ వేళ్ళు కాస్త బిగుసుకునేవి, అంతే. అన్నీ అయిపోయాక ఆమె గొంతు సవరించుకుంది.

"ఆయనకి కూడా తెలీంది ఒకటుందండీ" అంది డాక్టరమ్మతో. "మా పిల్ల పేరు రాదు నాకు."

అతను తలెత్తాడు.

"అన్నిసార్లూ కాదు. ఒక్కోసారి వస్తుంది. పొద్దున్నే లేవగానే ఎదురుగా ఉంటుందా, ముఖం తెలుసు, నా పిల్లేనని తెలుసు, దానికి జలుబు చేసిందని కూడా తెలుసు. పేరు రాదు. వెతికిన కొద్దీ దూరం పోతుంది. అందుకే బంగారం అని పిలుస్తాను. పిలిస్తే వస్తుంది. దానికి ముచ్చటగా ఉంది, అమ్మకి నా మీద ప్రేమ ఎక్కువైందని స్నేహితులతో చెప్పుకుంటోంది. ఎలా చెప్పను? మీరు ఇందాక పిల్లలెంతమంది అని అడిగారు, పేరు అడుగుతారేమోనని చచ్చిపోయాను. అడగలేదు. అడిగేలోపే ఏదో జోకు చెప్పి నవ్వించాను కదా."

నిజమే, కొన్నాళ్ళుగా అతన్ని కూడా అప్పుడప్పుడూ బంగారం అంటోంది. వినబడగానే లోపల చిన్నగా వెలుగుతూ వచ్చింది అతనికి, పోయినవన్నీ పోయినా ఇదొకటి దొరికిందని, ఎవరితోనూ అనకుండా దాచుకున్నాడు. ఇప్పుడు ఆ వెలుగు ఎక్కడికీ పోలేదు, అదే విచిత్రం, ఇంకా ఎక్కువైంది, కానీ కాలుతోంది. పేరు అందక, అంత చీకట్లో తడుముకుంటూ, చేతికి దొరికిన మాటల్లో మంచిది ఏరి పిల్లకిచ్చింది. అతను ఆమె చెవి దగ్గరికి వంగి కూతురి పేరు చెప్పాడు. ఆమె పెదాలతో రెండుసార్లు చప్పుడు లేకుండా అనుకుంది, కరిగిపోతుందేమోనని మెల్లగా చప్పరించే మిఠాయిలా. డాక్టరమ్మ కళ్ళద్దాలు దించుకుని, అప్పటిదాకా రాసిన కాగితం తీసి పక్కన పెట్టి, కొత్తది తీసుకుంది. "సాధన చేసి వచ్చినవాళ్ళు ఈ పరీక్షలు దాటేస్తారు. మీరిద్దరూ చెప్పింది చెప్పినట్టు రాస్తాను" అంది.

ఆవిడ రాస్తున్నంతసేపూ కలం చప్పుడు వింటూ కూర్చున్నారు. కలం ఆగాక అతను, "ఏం రాశారో చదివి వినిపిస్తారా?" అన్నాడు. రెండోసారి అడగడం మొదటిసారంత కష్టంగా లేదు. ఆవిడ చదివింది. తలకు తగిలిన దెబ్బ వల్ల మరుపు, మాటల తడబాటు, వాసన తెలియకపోవడం, త్వరగా అలిసిపోవడం ఉన్నాయని, వైద్యం కొనసాగాలని, ఇంట్లో తోడు ఉండాలని. చివర, "ఈమె గోడౌన్ పనికి పనికిరాదు" అని. ఆ మాట దగ్గర అతని మోకాలి మీద ఉన్న చెయ్యి లేచిపోయింది. కావలసినదంతా ఆ కాగితంలో ఉంది. అక్క వింటే ఎగిరి గంతేస్తుంది. లేచి దండం పెట్టి వచ్చెయ్యాలి. అతను లేవలేదు.

"ఆ ఒక్క మాట మార్చండి డాక్టరుగారూ. పనికిరాదు అనొద్దు. ఆ పని ఈమెకు క్షేమం కాదు అని రాయండి. పని బాగాలేదు. మనిషి బాగానే ఉంది."

డాక్టరమ్మ అతన్ని చూసింది, ఆమెను చూసింది. కొట్టేసి, పైన మార్చి రాసి, పక్కన సంతకం పెట్టింది.

బయట ఎండ తెల్లగా ఉంది. మెట్ల మీద ఆమె కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆగింది, అతను ఎండ వైపు జరిగి నిలబడ్డాడు. "పాసయ్యానా?" అని అడిగింది. "లేదు" అన్నాడు. ఆమెకు కోపమొస్తుందనుకున్నాడు, ఏడుపొస్తుందనుకున్నాడు, రెండూ వచ్చి పోయినట్టున్నాయి ముఖంలో, మబ్బు నీడలు గోడ మీద నడిచిపోయినట్టు. "అయితే ఆ గరిటె దెబ్బలన్నీ దండగేనన్నమాట" అని, గేటు దాటి నడవడం మొదలుపెట్టింది, పెద్ద పెద్ద అంగలతో, చేతులూపుకుంటూ, అచ్చం పూర్వంలా. అతను పక్కన నడిచాడు. సైకిల్ షాపు దాటారు, అద్దాలు అమ్మే షాపు దాటారు, ఇద్దరూ అద్దాల్లో వరసగా కనబడి మాయమయ్యారు. బడి వదిలే వేళకి ఇంకా టైముంది. ఆమె ఏదో కూనిరాగం తీస్తోంది, ఏ పాటో తెలియడం లేదు, తెలుసుకోవాలని అతనూ తొందరపడలేదు. వీధి మలుపు దగ్గర ఆమె ఆగింది. ముందుకు చూసింది, వెనక్కి చూసింది, అతని ముఖంలోకి చూసింది.

"ఇది బస్టాపు దారి కాదు కదా?"

"కాదు."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"గేటు దగ్గర్నుంచి."

"మరి ఎందుకొచ్చావు ఇంత దూరం?"

"నువ్వెళ్తున్నావుగా."